గింజ రాలేదాకా

గేదె పెట్టిన అరుపు వీరలక్ష్మికి కాలవగట్టు మీద వినిపించింది. అది మేతకోసం అరిచే అరుపు కాదు. నెత్తిమీది తుంగమోపు అక్కడే పడేసి, కంచె సందులోంచి దూరి, బాపిరాజుగారి కొబ్బరితోటలోకి పరిగెత్తింది.

దింపిన కాయల గుట్ట పక్కన తమ పేటలోని మరిడమ్మ గేదె కూలబడి ఉంది. ముందుకాళ్ళతో నేల గీరుకుంటూ లేవబోతోంది. వెనకభాగం లేవడం లేదు. ఎడమకాలి మడమపైన నరం తెగి, నెత్తుట్లో తెల్లగా వేలాడుతోంది. పక్కనే సూర్యారావు నిలబడి కొబ్బరాకుతో కత్తి తుడుచుకుంటున్నాడు. బాపిరాజుగారి తోటలకీ, దొడ్లకీ, కూలీలకీ అతనే పెత్తందారు.

"ఇదేం పనండీ సూర్యారావుగారూ! నోరులేని గొడ్డండీ!"

"నోరు లేకపోడవేంటి? రెండు మొక్కలు మొదలంటా కొరికేసింది. మళ్ళీ వత్తే కాలు తీసెయ్యమని రాజుగారు ముందే సెప్పేరు. ఎల్లి మీ పేటోళ్ళకి సెప్పు. ఇంకో గొడ్డొత్తే రెండు కాళ్ళూ తీత్తాను."

చెట్లమీద దింపు తీస్తున్న కూలీలు చూశారు. ఎవరూ కిందికి దిగలేదు.

మరిడమ్మ వచ్చింది. గేదె తలని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఏడవలేదు. కాసేపటికి తలెత్తి చెట్లవైపు చూసి గట్టిగా అడిగింది:

"ఏవయ్యా, పైనించి బాగా కనపడిందా?"

వెదురుబొంగులు కట్టి గేదెని పేటకి మోసుకొచ్చారు. అది మళ్ళీ లేవలేదు. రావులపాలెంనుంచి కటికవాడు బండి తెచ్చి ప్రాణం ఉండగానే ఎత్తుకుపోయాడు. పాలు తాగే పెయ్య ఆ బండి వెంట చాలాదూరం పోయింది.

ములకపాలెం గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఉంది. ఊరి చివర కూలీల పేట. ఊళ్ళో నేలంతా వరికీ కొబ్బరికీ పోయింది. వరిగడ్డి ఎవరి పొలంలో పండితే వాళ్ళ గడ్డిమేటులోకే పోతుంది. పొట్టి వంగడాలు వచ్చాక ఆ గడ్డీ పొట్టిదై, కూలీ చేతికి నాలుగు పరకలు రావడం కూడా మానేసింది. పేట గొడ్లకి మిగిలింది కాలవగట్లూ, పాయకి అవతలున్న తోకలంకా. అది సర్కారు లంక. తాతలనాటినుంచీ వేసవి వస్తే పేట గొడ్లు పాయ దాటి అక్కడ మేసేవి. బాపిరాజుగారి మందా అక్కడే మేసేది. పేటలో గొడ్లన్నిటినీ ఒకచోట చేర్చినా ఆయన మందలో సగానికి రావు. ఎండాకాలమే కాదు, ఏడాది పొడుగునా ఆయన మంద లంకని గీకి గీకి మేసింది. గడ్డికి తలెత్తే వ్యవధి ఇవ్వలేదు. మొదళ్ళు చచ్చాయి. వేళ్ళు కుళ్ళాయి. ఎనభైయ్యారులో పెద్ద వరద వచ్చినప్పుడు మట్టిని పట్టి ఉంచే వేరు లేక, లంకమీది ఒండ్రంతా ఏటిపాలై ఇసక తేలింది.

ఆ వరదలోనే వీరలక్ష్మి మొగుడు నూకరాజు పోయాడు. నీళ్ళు లేస్తున్నాయనగా, రాజుగారి మందని తోలుకురమ్మని సూర్యారావు అతన్ని లంకలోకి పంపాడు. సగం మందని ఒడ్డుకి చేర్చాడు. మిగతా సగం కోసం వెళ్ళినవాడు శవంగా కూడా రాలేదు. పరామర్శకి వచ్చిన బాపిరాజుగారు వీధిలోనే నిలబడి, "మంచివాడమ్మా నూకరాజు. మా ఎర్రావు కూడా పోయింది" అని వెళ్ళిపోయారు.

వీరలక్ష్మికి మిగిలింది అత్త అచ్చాయమ్మా, ఒక చూడిగేదే.

మరిడమ్మ గేదె పోయిన కొద్దిరోజులకే ఊళ్ళో టముకు వేశారు. మండలం ఆఫీసరు వచ్చి బడి అరుగుమీద కూచున్నాడు. పక్కన కుర్చీలో బాపిరాజుగారు. పేట జనం ఎండలో నిలబడ్డారు.

"తోకలంక ఇసకమేట అయిపోయింది. మీరంతా హద్దూ అదుపూ లేకుండా గొడ్లని వదిలి పాడుచేశారని ఫిర్యాదు. అక్కడ కొబ్బరి వేస్తాను, కౌలుకివ్వండని రాజుగారు దరఖాస్తు పెట్టుకున్నారు" అన్నాడు ఆఫీసరు.

జనంలోంచి వీరబాబు ముందుకొచ్చాడు. రావులపాలెం అరటిగెలల మార్కెట్లో బరువులు మోసే మనిషి. కూలీల సంఘం పెట్టినవాడు.

"పాడుచేసింది ఎవరి మందో అడగండి సార్! మా గొడ్లెన్ని, రాజుగారి గొడ్లెన్ని? ఆయన గొడ్డు మేత్తే గడ్డి పెరుగుద్దీ, మాది మేత్తే సచ్చిపోద్దీనాండి?"

ఆఫీసరు బాపిరాజుగారి వైపు చూశాడు. ఆయన నవ్వారు. "కుర్రాడికి ఆవేశం ఎక్కువండి. తమరే స్వయంగా చూసి నిర్ణయించండి. తమరెలా చెప్తే అలాగే. ఆయ్."

"సరే. జ్యేష్ఠం వెళ్ళేలోగా వచ్చి లంక చూస్తాను. పచ్చిక నిలబడి ఉంటే మేతకి వదిలేస్తాం. ఇసకే ఉంటే కౌలుకిచ్చేస్తాం" అన్నాడు ఆఫీసరు.

ఆ మాట వీరలక్ష్మికి ఇంటికి వచ్చేదాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమ్మంలో చతికిలపడింది. లంక దక్కాలంటే గడ్డి నిలబడాలి. గడ్డి నిలబడాలంటే గొడ్లు మేయకూడదు. ఎండాకాలమంతా గొడ్లు మేయకపోతే, లంక దక్కేనాటికి గొడ్లుండవు.

దీపాలవేళ పేటంతా రామమందిరం ముందు చేరింది. అరుపులు లేచాయి.

"లంక మూసేత్తే నా గొడ్లకి నువ్వెడతావా మేత?"

"మూయకపోతే రాజుగారి కొబ్బరి కింద మేపుకో! కాళ్ళు తెగ్గొట్టించుకో!"

"ఇసకలో గడ్డేం మొలుత్తాదిరా పిచ్చోడా!"

"మొలుత్తాది. నే సూసొచ్చాను." ఆ మాట అన్నది మరిడమ్మ. "ఒండ్రు మిగిలిన సోట గరిక పాకతంది. ఏలెడంత ఉంది. ఇప్పుడు నోరెడితే సచ్చుద్ది. వొదిలేత్తే కణుపుకణుపుకీ వేరు దిగుద్ది. మా నాన్న మందబయలు కాసినోడు. గింజ పట్టి, రాలేదాకా గొడ్డుని దింపకూడదనేవోడు. రాలిందా, ఇంక ఆ నేలకి సావు లేదు."

వాదన సాగి సాగి ఒక కొలిక్కి వచ్చింది. లంకని అడ్డంగా మూడు ముక్కలు చేశారు. తలవైపు ముక్కా, నడిమి ముక్కా మూత. తోకవైపు ముక్కలో వంతుల ప్రకారం మేత. నాలుగు వేళ్ళ ఎత్తుకి గడ్డి దిగగానే గొడ్లని లేపెయ్యాలి. ఇంటికొకరు చొప్పున కాపలా. కట్టు తప్పినవాళ్ళకి తోకవైపు వంతు కూడా పోతుంది. ఆ చివరి మాట పట్టుబట్టి పెట్టించింది మరిడమ్మే.

బాపిరాజుగారు తన మందని కొట్టాల్లో కట్టించి మేటుగడ్డి వేయించారు. "కాపలా కాయనీవోయ్. ఆకలి వేస్తే వాళ్ళే మేపుకుంటారు. మనం చెయ్యాల్సిందేమీ లేదు" అన్నారట సూర్యారావుతో.

ఆయనకి పేదవాళ్ళ ఆకలి బాగా తెలుసు. వైశాఖం వచ్చేసరికి పేటలో గొడ్ల డొక్కలు లెక్కపెట్టేలా అయ్యాయి. వీరలక్ష్మి గేదెకి కడుపు తప్ప ఒంట్లో ఇంకేమీ లేదు. నడిస్తే తొంటిఎముకలు గుంజల్లా పొడుచుకొచ్చి కదిలేవి. ఒక పొద్దున్న అచ్చాయమ్మ నిచ్చెనెక్కి ఇంటి కప్పు పీకుతోంది. ఎండి నల్లబడిన రెల్లు కట్టలు కిందికి లాగి గేదె ముందు వేస్తోంది.

"ఏం పనత్తా ఇది? వానొత్తే?"

"వానొచ్చినప్పుడు సూద్దారి. దీన్నలా సూడలేకపోతన్నానే."

గేదె ఆ మసిగడ్డి నోట్లో పెట్టుకుని నమలలేక వదిలేసింది.

అదేరోజు సూర్యారావు వచ్చాడు. "కాపలాకి ఎల్లడం మానెయ్. రాజుగారి మేటులోంచి నీకు కావలసినంత గడ్డి తోలుకో. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుద్దికదండి" అంది వీరలక్ష్మి.

అలా అంది గాని, మర్నాడు మిట్టమధ్యాహ్నం, పేటంతా నీడపట్టున పడి ఉండగా, పలుపు పట్టుకుని గేదెని పాయ దాటించింది. తోకవైపు ముక్క దాటి, ముళ్ళకంచె తప్పించి, నడిమి ముక్కలోకి నడిపింది. అక్కడ గరిక చీలమండ దాకా పెరిగి మెత్తగా ఉంది. గేదె తల వంచింది. అది గడ్డి తెంపుతున్న పటపట చప్పుడు వింటూ వీరలక్ష్మి ఒళ్ళు మరిచిపోయింది. కాపలావాళ్ళ అడుగులు వినపడలేదు.

మరిడమ్మ చెయ్యి చెంపమీద పడ్డాకే తెలిసింది.

"సూర్యారావు నా గేదె కాలే తెగ్గొట్టేడు. నువ్వు పేటందరి కాళ్ళూ తెగ్గొట్టేవు కదే!"

ఆ సాయంత్రం వీరలక్ష్మిని జనం మధ్య నిలబెట్టారు. కట్టు ప్రకారం ఆమెకి తోకవైపు మేత లేదని తీర్పు చెప్పడానికి వీరబాబు లేచాడు. అచ్చాయమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"సెప్పు బాబూ. సెప్పేముందు నీ దొడ్లో మేటు సూసి రా. మీ అత్తారు కౌలుసేలోంచి బండెడు గడ్డి తోలేరు. నీ గొడ్డు నిలబడతాది. ఆ సత్తియ్యకుంది, ఈరన్నకుంది. గడ్డున్నోళ్ళందరూ కలిసి కట్టు పెట్టేరు. లేనిదాని గొడ్డు సావాలి. ఇదే కట్టు రాజుగారెడితే మనవేం అంటాం?"

వీరలక్ష్మి తల ఎత్తలేదు. మరిడమ్మ మాత్రం, "అయితే అందరూ వొదిలేసుకోండి! రాజుగారికి కావలసింది అదే కదా!" అని అరిచింది. ఆమె అరుపులో కోపంకన్నా భయమే ఎక్కువుంది.

వీరబాబు అన్నమాట చిన్నదే. "అచ్చాయమ్మత్త సెప్పింది నిజం. ముందు నా మేటు పీకండి."

పీకారు. మేటున్న ప్రతి ఇంటినుంచీ తెచ్చి మందిరం పక్కన ఉమ్మడి మేటు వేశారు. సత్తియ్య పెళ్ళాం శాపనార్థాలు పెడుతూనే తెచ్చి పడేసింది. చూడివాటికీ, పాలిచ్చేవాటికీ ముందు వేయాలన్నారు. వీరబాబు మార్కెట్లో పారేసే అరటిబోదెలు రోజూ బండికెత్తించి తెచ్చాడు. ఆడవాళ్ళు మూకుమ్మడిగా వెళ్ళి కాలవల్లో తుంగ కోసుకొచ్చారు. గుంపుగా వెళితే తోటల కాపలావాళ్ళు కత్తి చూపడానికి జంకారు. వీరలక్ష్మికి శిక్ష పడింది. అందరికన్నా ఎక్కువ కాపలా కాయాలన్నారు. ఆ మాట వినగానే ఆమెకి ఏడుపొచ్చింది. తనని వెలివెయ్యలేదు.

అప్పటిదాకా గడ్డి కాపాడుకోవడం అంటే గొడ్డుని ఆపడం అనుకున్నారు వాళ్ళు. ఆకలిగొన్నవాణ్ణి ఆదుకోకుండా ఏ కట్టూ నిలబడదని అప్పుడు తెలిసింది. పేటకి అది తెలిశాకే బాపిరాజుగారికి పేటంటే భయం పుట్టింది.

జ్యేష్ఠంలో నడిమి ముక్క చూసిన కొత్తవాళ్ళు ఇది ఇసకమేట అంటే నమ్మేవారు కాదు. గరిక పిక్కల దాకా లేచింది. అంచుల్లో రెల్లు నాటుకుంది. పాయ కోసే ఒడ్డున వేళ్ళు చాపలా అల్లుకుని మట్టిని పట్టుకున్నాయి. కొన్ని కంకులు గింజ పట్టాయి. మర్నాడు ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది.

ఆఫీసరు వచ్చే రోజు తెల్లవారుతుండగా వీరలక్ష్మి కాపలాలో ఉంది. అవతలి ఒడ్డున దుమ్ము లేచింది. దుమ్ములోంచి గొడ్లు దిగాయి. ఈ ప్రాంతపు గొడ్లు కావు. ఎముకలకి తోలు కప్పినట్టున్న మెట్టప్రాంతపు మంద, చూపు ఆనినంత మేరా ఉంది. ఆ ఏడు మెట్టలో వాన చుక్క లేదు. మంద ముందు గొంగడి కప్పుకున్న ముసలి కాపరి, వెనక సూర్యారావు మనుషులు కర్రలతో.

వీరలక్ష్మి కేకలకి పేట లేచి వచ్చింది. మోకాటిలోతు నీళ్ళలో చేతులు పట్టుకుని అడ్డంగా వరస కట్టారు. ఆడవాళ్ళే ముందు. అచ్చాయమ్మ కూడా వచ్చి కోడలి పక్కన నిలబడింది.

కాపరి పేరు బంగారయ్య. నీళ్ళలోనే ఆగి చేతులు జోడించాడు. "అడ్డు లేవండమ్మా. మేత సూసి నెల దాటిపోయింది. లంకంతా తనదే, మేపుకోమని రాజుగారే కబురెట్టేరు."

"రాజుగారిది కాదు తాతా! ఇది రాజుగారిది అవ్వడానికే నీ మందని తోలిత్తన్నారు!" వీరలక్ష్మి గబగబా చెప్పుకొచ్చింది. ఆఫీసరు వస్తున్నాడనీ, గడ్డి లేకపోతే లంక పోతుందనీ, తమ గొడ్లని మాడ్చి దీన్ని పెంచామనీ చెప్పింది. "తోకవైపు మేపుకో. నీ గొడ్లూ బతకాలి, కాదన్ను. నడిమికి మాత్రం రాకు. వానలు పడ్డాక మళ్ళీ రా, మేమే పిలుత్తాం."

బంగారయ్య తన గొడ్ల వంకా, వీళ్ళ వంకా చూశాడు. "మాకిలా అని సెప్పలేదమ్మా" అన్నాడు. వెనక్కి తిరిగి, మందని తోకవైపు మళ్ళించమని తనవాళ్ళకి కేకేశాడు.

సూర్యారావు ఒడ్డుమీంచి చూస్తున్నాడు. అతను చెయ్యి ఊపాడు. అతని మనుషులు టపాకాయల దండలు వెలిగించి మంద వెనక పడేశారు.

ఆకలితో, దప్పికతో, భయంతో పిచ్చెత్తిన గొడ్లు ఒక్కసారిగా ముందుకి దూకాయి. చేతుల వరస తెగింది. వీరలక్ష్మి నీళ్ళలో పడింది. వీపుమీద గిట్ట పడింది. లేచేసరికి పక్కన అత్త లేదు. కొమ్ములు, నురగ, ఎర్రబడ్డ నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. మంద అంతా దాటిపోయాక, పాయలో బోర్లా తేలుతున్న తెల్లజుట్టు కనిపించింది.

బంగారయ్య, అతని కొడుకులు గొడ్ల ముందుకి పరిగెత్తి, కర్రలు విరిగేలా కొట్టి, నడిమి ముక్కలో కొంత మేర కాపాడారు. మిగతాదంతా కాసేపట్లో నున్నగా అయిపోయింది.

ఆఫీసరు వచ్చేసరికి పేట జనం అచ్చాయమ్మని గడ్డిమీద పడుకోబెట్టి చుట్టూ కూచున్నారు. వీరలక్ష్మి లేచి అతని ఎదురుగా వెళ్ళింది.

"రండి. సూడండి. పొద్దున్న కొరికిన మొదళ్ళింకా తడారలేదు. మిగిలిన గడ్డి ఎంత ఎత్తుందో సూడండి. ఆవిడ తల సూడండి."

ఆఫీసరు శవానికి దూరంగా నాలుగడుగులు నడిచాడు. జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. అతని వెంట వచ్చిన బాపిరాజుగారు నెమ్మదిగా అన్నారు: "చూశారుగా, అదుపు లేని మేత. ముసలావిణ్ణి కూడా పోగొట్టుకున్నారు పాపం. కంచె వేసే మనిషి లేకపోతే ఇలాగే ఉంటుందండి."

లంక కౌలు బాపిరాజుగారికి పోయింది. అచ్చాయమ్మ చావు ఏటిప్రమాదమైంది. మందని అటకాయించి, కాపరుల్ని కొట్టారని వీరబాబు మీదా, వీరలక్ష్మి మీదా, ఇంకొందరి మీదా కేసు పెట్టారు. మమ్మల్ని వీళ్ళు కొట్టలేదని బంగారయ్య స్టేషనుకి వెళ్ళి చెబితే, అతన్ని నిజంగానే కొట్టి పంపారు. అత్తని పాతిపెట్టిన మట్టి చేతులకి ఆరకముందే వీరలక్ష్మిని వ్యానెక్కించారు.

జైల్లో ఆమె ఒక్కసారీ ఏడవలేదు. గేదె ఈనే నెల దగ్గరపడిందని మాత్రం అనుకుంటూ ఉండేది.

బెయిలు మీద బయటికి వచ్చేసరికి ఆషాఢం. వానలు ఆలస్యంగా మొదలయ్యాయి. ఇంటి కప్పులోంచి ఆకాశం కనపడుతోంది. దొడ్లో గుంజ ఉంది, గేదె లేదు. పక్కనున్న మరిడమ్మ ఆమె మొహం చూడలేక తల దించుకుని చెప్పింది.

"మీరెల్లిన మర్నాడే పేట గొడ్లన్నిటినీ తోలుకుపోయి బందెలదొడ్లో పెట్టేరు. తొట్లో నీళ్ళు పొయ్యలేదు. బిందెలతో మేం తెత్తే తాళం తియ్యలేదు. గోడమీంచి పోసేం. నీళ్ళు మీద పడ్డవి ఒకదాన్నొకటి నాక్కున్నాయి. నీది నెల నిండకుండానే ఈనింది. దూడ సచ్చే పడింది. అది మూడోనాటికి..." మరిడమ్మ ఆగింది. "నేనానాడు నిన్ను కొట్టకపోతే, ఆ నడిమి గడ్డన్నా కడుపునిండా తినుండేది."

వీరలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఆ ఖాళీ గుంజ పక్కన కూచున్నారు.

పడవల్లో కొబ్బరిమొక్కలు వచ్చిన రోజు ఏట్లో ఎర్రనీళ్ళు దిగాయి. పాయ నడుములోతుకి వచ్చింది. మొక్కలు నాటడానికి పేట కూలీలు రారని తెలిసి, సూర్యారావు పక్క ఊళ్ళనుంచి, పక్క లంకలనుంచి మనుషుల్ని పిలిపించాడు. పోలీసులు కూడా పడవలో దిగారు.

వాళ్ళకన్నా ముందే పేట జనం లంకలో ఉన్నారు. వానకి మళ్ళీ లేచిన పచ్చికని తొక్కకుండా, ఒడ్డునే వరసగా కూచున్నారు. బతికిన గొడ్లు అవతలి గట్టున కట్టేసి ఉన్నాయి. ఒక్కటీ లంకలోకి దిగలేదు.

సూర్యారావు వరస పొడుగునా నడిచి వీరలక్ష్మి దగ్గర ఆగాడు. "నువ్వెందుకే ఇక్కడ? నీకు గొడ్డూ లేదు, గోదా లేదు. అత్త కూడా లేదు. లంక ఎవడిదైతే నీకేటి? లేచి పో. కేసులోంచి నీ పేరు తీయించేత్తాను."

"నాకు లేదండి," అంది వీరలక్ష్మి. "నాకు లేకుండా సేసేరు. మరిడమ్మ పెయ్యుంది. సత్తియ్య గొడ్లున్నాయి. మెట్టలో బంగారయ్య మంద ఉంది. అయ్యి నావి కావని మీరనుకుంటన్నారు."

అప్పటికే పడవలోంచి దిగిన కూలీలు మొక్కలు నెత్తిమీద పెట్టుకుని నిలబడి వింటున్నారు. వాళ్ళలో ఆరోజు కొబ్బరిచెట్లమీంచి చూసిన దింపువాళ్ళు కూడా కొందరున్నారు. మరిడమ్మ వాళ్ళనేమీ అడగలేదు. వాళ్ళవైపు చూసిందంతే.

మొదట ఒక నడివయసు మనిషి మొక్క దించి నీళ్ళ అంచున పెట్టాడు. పెత్తందారు వైపు చూడకుండా, "నా వల్ల కాదండి" అన్నాడు. ఆ వెనకావిడ తన నెత్తిమీదున్నది కింద పడేసింది. "మా లంకక్కూడా ఎవరో దరకాస్తెట్టేరంట. ఇయ్యాల ఇక్కడ నాటితే రేపు మా గుండెలమీద నాటుతారు" అంటూ వచ్చి వరసలో కూచుంది. తరవాత మొక్కలు దబదబా రాలాయి. పడవవాళ్ళు చుక్కానులు వదిలేసి దిగారు.

"ఎత్తండ్రా! కూలి తీసుకుంటారు, పని సెయ్యరా!" సూర్యారావు గొంతు చీరుకుపోయింది. ఎవరూ ఎత్తలేదు. తనే ఒక మొక్క ఎత్తుకుని, పార లాక్కుని, తడిగడ్డిలో గొయ్యి తవ్వబోయాడు. పార దిగలేదు. గరిక వేళ్ళు అల్లుకుపోయి ఉన్నాయి. మళ్ళీ కొట్టాడు. అతని నున్నటి చేతులు ఆ పనికి అలవాటు లేవు. వరసలో ఎవరో నవ్వారు. పెత్తందారుని చూసి పేట నవ్వడం అదే మొదలు.

ఇన్‌స్పెక్టరు విజిలు వేశాడు.

లాఠీలు లేచాయి. మొదటి దెబ్బ వీరబాబు భుజంమీద పడింది. రెండోది మరిడమ్మ ముంజేతిమీద. ఎముక విరిగిన చప్పుడు వీరలక్ష్మికి స్పష్టంగా వినిపించింది. తన నుదురు పగిలి కళ్ళలోకి నెత్తురు దిగింది. జుట్టు పట్టి ఈడుస్తున్నారు. ఈడ్చుకుపోయిన చోట ఖాళీ ఏర్పడితే, మొక్కలు మోసుకొచ్చిన కూలీలు జరిగి ఆ ఖాళీలో కూచుంటున్నారు. పోలీసులు ఒకర్ని పడవలో పడేసి వచ్చేలోగా అక్కడ ఇద్దరు కూచుంటున్నారు.

కళ్ళలోంచి నెత్తురు తుడుచుకుని వీరలక్ష్మి పాయ అవతలికి చూసింది. గట్టుమీద జనం. ఆ వెనక ఇంకా జనం. వానలో తడుస్తూ, నెత్తిన గోనెలు కప్పుకుని, పక్క లంకలవాళ్ళు పడవలకోసం ఆగకుండా నీళ్ళలోకి దిగుతున్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇటే వస్తున్నారు.